క్వారీ పక్క ఊళ్లో జబ్బుల లెక్క: ఎలా రాయాలి, ఎలా అడ్డుకోవాలి

ఊరి పక్కన క్వారీ ఏళ్ల తరబడి నడుస్తుంటే జబ్బుల గురించి రెండు వాదనలే వినిపిస్తాయి. అన్ని రోగాలూ క్వారీ వల్లే అంటారు ఊరివాళ్లు. రాయి కొడితే జ్వరం ఎందుకొస్తుందని అడుగుతారు లీజుదార్లు. ఈ రెండు వాదనలతో కలెక్టరేట్ మెట్లెక్కినవాళ్లు ఖాళీ చేతులతోనే దిగి వస్తారు, ఎందుకంటే ఎవరి దగ్గరా లెక్క ఉండదు.

రాయిలో క్రిమి ఉండదు, నిజమే. కానీ తవ్విన గుంతలో నిలిచిన నీరు దోమకు ఇల్లవుతుంది. పీల్చిన దుమ్ము ఊపిరితిత్తులను క్షయకు అప్పగిస్తుంది. ఒకే గదిలో పది మంది కూలీలు పడుకుంటే అక్కడ జ్వరమూ దగ్గూ చేతులు మారతాయి. తవ్వకం ఒక ఏడాదితో ఆగిపోతే ఈ దారులు ఎంతో కొంత మూసుకుపోతాయి. ఆగకుండా సాగితే ఏటా కొత్త గుంత, కొత్త కూలీల గుంపు, ఊపిరితిత్తుల్లో మరో పొర. మీ ఊళ్లో ఏ జబ్బు ఏ దారిన వస్తోందో తెలిస్తే ఆ దారిని మూయమని ఫలానా వ్యక్తిని గట్టిగా అడగవచ్చు. ఆ పని ఎలా చేయాలో కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాల పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. డాక్టర్లే అక్కరలేదు. ఓపిక ఉన్న ముగ్గురు నలుగురు చాలు: పొదుపు సంఘం మహిళలు, డిగ్రీ చదివే పిల్లలు, రిటైరైన మాస్టారు ఎవరైనా సరే.

1. ముందు తవ్వుతున్నది ఏ రాయో తెలుసుకోండి

మన దగ్గర క్వారీ అనే ఒక్క మాట కింద చాలా రకాలున్నాయి. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాయి, సున్నపురాయి. తాడిపత్రిలో ఆ బండలను కోసి పాలిష్ పెట్టే ఫ్యాక్టరీలు. మంగంపేటలో ముగ్గురాయి (బెరైటీస్), దాన్ని పొడి చేసే మిల్లులు. ముద్దవరం వైపు బలపం రాయి. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లెలో ఒకప్పుడు రాతినార (ఆస్‌బెస్టాస్) తీశారు. ఇక కంకర క్రషర్ లేని మండలం వెతికినా కష్టమే.

ఏ దుమ్ము ఎంత ప్రమాదమో చాలావరకు అందులోని సిలికా (ఇసుకలో ఉండే ఖనిజం) నిర్ణయిస్తుంది. రంగు గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఐదో వంతుకు పైగానే ఉంటుంది, అదంతా సిలికాయే. గండికోట కొండల్లో కనిపించే క్వార్ట్జైట్ లాంటి రాయి దాదాపు మొత్తం సిలికాయే. దాన్ని పొడిగా డ్రిల్ చేయడమంటే కూలీ ఆయుష్షును డ్రిల్ చేయడమే. నాపరాయిలో, సున్నపురాయిలో సిలికా తక్కువ, కానీ అసలు లేకుండా పోదు. ముగ్గురాయి దుమ్ము ఎక్స్‌రేలో ఊపిరితిత్తులను భయపెట్టేలా తెల్లగా చూపిస్తుంది. ఆ ఖనిజం ఒక్కటే అయితే ఊపిరి మీద పెద్దగా దెబ్బ ఉండదు. అందులో కలిసి వచ్చే సిలికా మాత్రం తన పని చేసుకుపోతుంది. కాబట్టి ఎక్స్‌రే చూసి హడలిపోవడమూ, ఏమీ కాదని కొట్టిపారేయడమూ రెండూ పనికిరావు.

లీజు ఏ ఖనిజానికి, ఎన్ని హెక్టార్లకు, ఎప్పటివరకు అనేది గనుల శాఖ నుంచి సమాచార హక్కు చట్టం కింద తీసుకోండి. మన రాష్ట్రంలో ఆ దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అదే దరఖాస్తులో పర్యావరణ అనుమతి ప్రతి కూడా అడగండి. నీళ్లు చల్లాలి, చెట్లు పెంచాలి, కార్మికులకు వైద్య పరీక్షలు చేయించాలి వంటి షరతులు అందులోనే ఉంటాయి. ఊళ్లో ఎవరూ చదవని కాగితం అది.

2. పటం గీయండి

ఒక పెద్ద చార్టు మీద ఊరిని మధ్యలో పెట్టి చుట్టూ 2 కిలోమీటర్ల మేర గీయండి. మలేరియా దోమ సాధారణంగా ఎగిరే దూరం అంతకు మించదు. నీరున్న ప్రతి గుంతకూ ఒక నంబరు ఇవ్వండి. పనిచేస్తున్న క్వారీ గుంతను ఒక రంగులో, వదిలేసిన గుంతను మరో రంగులో చూపండి. కూలీల కొట్టాలు, పాలిష్ బురద పోసే చోటు, టిప్పర్లు ఆగే చోటు, పాత టైర్ల కుప్ప, తాగునీటి బోర్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు, మరుగుదొడ్లు లేని వీధులు అన్నీ పెట్టండి.

గుంత ఎప్పుడు పుట్టిందో కూడా తెలియాలి. కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిస్తే వెనకటి ఏళ్ల ఉపగ్రహ చిత్రాలు కనిపిస్తాయి. తవ్వకం ఏ ఏడాది ఎంత విస్తరించిందో, ఏ గుంతను పూడ్చకుండా వదిలేశారో ఎవరూ కాదనలేని విధంగా బయటపడుతుంది. ఆ చిత్రాలు తేదీతో సహా ప్రింటు తీసి పటానికి జత చేయండి.

గుంతల దగ్గరికి ఎప్పుడూ ఒంటరిగా వెళ్లకండి, లోపలికి దిగకండి. నిట్టనిలువుగా కోసిన గోడ కింద లోతు ఎంతో పైనుంచి తెలియదు. బ్లాస్టింగ్ వేళలు ముందే కనుక్కోండి. పిల్లలను ఈ పనికి పంపకండి. క్వారీ గుంతల్లో ఈతకు దిగి పోయిన పిల్లల వార్తలు మనం ఏటా చదువుతూనే ఉన్నాం.

3. జ్వరాల పుస్తకం పెట్టండి

అసలు పని ఇదే. ఒక గట్టి అట్ట నోటుపుస్తకం కొనండి. ఫోనులో రాసుకుందామనుకుంటారు, కానీ అధికారి ముందు తెరిచి పెట్టడానికి పుస్తకమే పనికొస్తుంది. ఒక్కో జబ్బుమనిషికి ఒక్కో వరుస. ఆ వరుసలో ఇవి ఉండాలి: జ్వరం మొదలైన తేదీ, వయసు, ఆడ మగ, ఇంటి గుర్తు, చేసే పని, గత నెలలో ఎక్కడెక్కడ పడుకున్నారు, ఏ లక్షణాలు, ఏ పరీక్ష చేయించారు, ఫలితం ఏమిటి, ఎక్కడ వైద్యం చేయించుకున్నారు.

జ్వరం మొదలైన తేదీనే రాయాలి, ఆస్పత్రికి వెళ్లిన తేదీ కాదు. మనవాళ్లు మొదటి నాలుగు రోజులు మాత్రలతో, తర్వాత రెండు రోజులు ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లతో నెట్టి, నడవలేని స్థితిలో గానీ ఆస్పత్రికి పోరు. ఆస్పత్రి తేదీలతో గీసిన లెక్క వారం పక్కకు జరిగిపోతుంది.

చేసే పని దగ్గర కూలి అని రాయకండి. జాక్‌హామర్ నడుపుతారా, క్రషర్ దగ్గర కంకర ఎత్తుతారా, పాలిష్ యంత్రం దగ్గరా, టిప్పర్ డ్రైవరా, ఎన్నేళ్ల నుంచి అనేది స్పష్టంగా ఉండాలి. ఈ ఒక్క గడి తర్వాత దగ్గు లెక్కలో ఎంత ఉపయోగపడుతుందో చూస్తారు.

పేర్లు పుస్తకంలో వద్దు. ఇంటికి ఒక నంబరు ఇచ్చి, పేర్ల జాబితాను వేరే కాగితం మీద ఒకరి దగ్గరే ఉంచండి. క్షయ, హెచ్‌ఐవీ లాంటివి ఊళ్లో పాకితే ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధాలు రావు. మీ పుస్తకం వల్ల ఒక్క ఇంటికి అలాంటి అవమానం జరిగినా ఆ మరుసటి రోజు నుంచి మీకు ఎవరూ నిజం చెప్పరు.

సమాచారం ఎక్కడి నుంచి? ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం మొదటి దిక్కు. కానీ వాళ్ల లెక్కలో ప్రైవేటుకు పోయినవాళ్లు ఉండరు. అందుకే ఆర్‌ఎంపీని, మందుల షాపును కలుపుకోండి. జ్వరం మాత్రల అమ్మకం ఒక్కసారిగా పెరిగితే అందరికంటే ముందు తెలిసేది మందుల షాపు అబ్బాయికే. అలాగే ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి గత మూడేళ్లలో మీ ఊళ్లో ఎన్ని రక్తపూతలు తీశారు, ఎన్ని మలేరియా కేసులు తేలాయి, ఎంతమందికి క్షయ చికిత్స జరిగింది అనే సంఖ్యలు మాత్రం, పేర్లు లేకుండా, సమాచార హక్కు కింద అడగండి.

ఇంకో ఊరి లెక్క కూడా కావాలి. వానలు పడితే క్వారీ లేని ఊళ్లోనూ జ్వరాలు పెరుగుతాయి. అదే మండలంలో, అదే వాన పడే, క్వారీకి 10 కిలోమీటర్లకు పైగా దూరంగా ఉన్న ఊరిని ఎంచుకుని అక్కడి ఆశా కార్యకర్తతో అవే గడులు నింపించండి. రెండు ఊళ్లలోనూ వెయ్యి మందికి ఎన్ని జ్వరాలో పోల్చండి. ఈ పోలిక లేకపోతే సీజన్‌లో అంతటా వచ్చేవేనన్న ఒక్క మాటతో మీ శ్రమ కొట్టుకుపోతుంది. పోలికలో తేడా కనిపించకపోతే దాన్ని కూడా ఒప్పుకోండి. క్వారీ మీద కోపం ఉండవచ్చు, లెక్కకు కోపం ఉండకూడదు.

4. వాన తేదీ పక్కన జ్వరం తేదీ పెట్టి చూడండి

గుంత నిండిన రోజు నుంచి మలేరియా జ్వరం వచ్చే రోజు దాకా ఒక లెక్క ఉంది. గుడ్డు దోమ కావడానికి దాదాపు 10 రోజులు. ఆ దోమ మలేరియా ఉన్న మనిషిని కుట్టాక, పరాన్నజీవి దాని ఒంట్లో ఎదగడానికి మరో 10 నుంచి 14 రోజులు. అది ఇంకొకరిని కుట్టాక జ్వరం కనిపించడానికి మళ్లీ 10 నుంచి 15 రోజులు. అంటే నెల నుంచి నెలన్నర లోపు. కర్నూలు, అనంతపురం వైపు సెప్టెంబరు వానలకు గుంత నిండితే అక్టోబరు రెండో సగం నుంచి పుస్తకం చూడాలి. కడప వైపు ఈశాన్య రుతుపవనాల వాన కూడా పడుతుంది కాబట్టి డిసెంబరు దాకా కన్ను వేసి ఉంచాలి.

మన సీమలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. మామూలుగా వాన పోయిన వారానికే వంకలు ఎండుతాయి, దోమకు తావు ఉండదు. రాతిని తొలిచిన గుంత అలా కాదు, అందులో నీరు వేసవి దాకా కూడా ఉండిపోవచ్చు. కరువు సీమలో దోమకు దొరికిన చెరువు అది.

కేసులన్నీ గుంతకు దగ్గరి వీధుల్లోనే, రాత్రి బయట పడుకునేవాళ్లలోనే, కిట్ పరీక్షలో మలేరియాగా తేలితే మీ అనుమానం గుంత మీద నిలబడుతుంది. కేసులు ఊరి మధ్య వీధిలో, పరీక్షలో డెంగీగా తేలితే మాత్రం క్వారీని వదిలి ఇంట్లోకి చూడండి. డెంగీ దోమ పగలు కుడుతుంది, కొన్ని వందల మీటర్లకు మించి పోదు, డ్రమ్ముల్లో తొట్లలో గుడ్లు పెడుతుంది. కుళాయి నాలుగు రోజులకోసారి వచ్చే ఊళ్లో ప్రతి ఇంట్లో నీళ్ల డ్రమ్ము ఉంటుంది, దానికి మూత ఉండదు. ప్రభుత్వం శుక్రవారం డ్రై డే అంటున్నది దీని కోసమే. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి, గోడలు పీచుతో రుద్ది ఆరబెట్టాలి. క్వారీ వాటా ఇక్కడ టిప్పర్ల పాత టైర్లు, పాలిష్ ఫ్యాక్టరీల తొట్లు. అంతవరకే అడగండి.

5. గుంతలను వారం వారం పరీక్షించండి

గరిటె లాంటి పొడుగు కాడ ఉన్న తెల్ల గిన్నె ఒకటి తయారు చేసుకోండి. ఒడ్డు లోతు తక్కువగా ఉన్నచోట, గడ్డి నాచు ఉన్నచోట గిన్నెను ఏటవాలుగా ముంచి నీళ్లు తీయండి. ఒక్కో గుంతకు పది మునకలు. తెల్లటి గిన్నెలో లార్వా సులువుగా కనిపిస్తుంది. నీటి పైపొరకు సమాంతరంగా, అడ్డంగా పడుకున్నట్టు ఉంటే అది అనాఫిలిస్, మలేరియా దోమ. తల కిందులుగా వేలాడుతుంటే వేరే దోమ. తేదీ, గుంత నంబరు, పది మునకల్లో ఎన్ని లార్వాలు అన్నది పుస్తకంలో రాయండి. ఫోనుతో ఫొటో తీయండి.

పాలిష్ బురద గుంతను చూసి అంత మురికి నీటిలో దోమ ఏం బతుకుతుందని వదిలేయకండి. బురద అడుగుకు దిగాక పైన తేటపడిన నీరు నిలుస్తుంది. అక్కడా మునక వేయండి.

ఇక నివారణ. చిన్న గుంత అయితే పూడ్చడమే సరైన మందు. క్వారీలో పనికిరాని రాయి కొండలా పడి ఉంటుంది, పొక్లెయిన్ కూడా అక్కడే ఉంటుంది, లీజుదారుకు ఒక పూట పని. పనిచేస్తున్న గుంతలో నీరు వారానికి ఒకసారైనా పూర్తిగా తోడించాలి. గుడ్డు దోమయ్యేలోపు నీరు పోతే చాలు. తోడిన నీటిని పక్క పొలంలోకి వదిలి మరో మడుగు చేయకుండా చూడండి.

పూడ్చలేనంత పెద్ద, వదిలేసిన గుంతకు గంబూసియా చేపలు. మలేరియా విభాగం దగ్గర అడగవచ్చు. వేశాక ఒడ్డు గడ్డి కోయించాలి, లేకపోతే లార్వా గడ్డిలో దాక్కుంటుంది. ఒక హెచ్చరిక: ఈ చేపలను బయటికి దారి లేని క్వారీ గుంతలోనే వేయండి. చెరువులో, వంకలో వేస్తే మన నాటు చేపల గుడ్లను, పిల్లలను తినేస్తాయి. వాడిన ఇంజన్ ఆయిల్ పోయడం చాలా చోట్ల చూస్తాం. పశువులు తాగే నీటిలో అది వద్దు. రసాయన మందు ఏదైనా ఆరోగ్య సిబ్బంది చేతితోనే వేయించండి.

6. దగ్గును వదలకండి

జ్వరం పది రోజుల్లో తేలిపోతుంది. దగ్గు అలా కాదు, ఏళ్లు పడుతుంది. అందుకే క్వారీ ఊళ్లలో అసలు నష్టం ఇక్కడే జరుగుతుందని నా అభిప్రాయం.

కంటికి కనిపించే దుమ్ము ముక్కులో ఆగిపోతుంది. కనిపించని సన్నని సిలికా ఊపిరితిత్తుల అడుగుకు చేరుతుంది. దాన్ని మింగి బయట పారేయాల్సిన రక్షక కణాలే చచ్చిపోతాయి. క్షయ క్రిమిని అడ్డుకోవలసింది కూడా ఆ కణాలే. అందుకే సిలికోసిస్ (సిలికా దుమ్ముతో ఊపిరితిత్తుల్లో మచ్చలు పడే జబ్బు) ఉన్నవాళ్లకు క్షయ ముప్పు మామూలు మనుషుల కంటే చాలా రెట్లు ఎక్కువ. పని మానేసి ఏళ్లు గడిచినా ఆ ముప్పు పోదు, మచ్చలూ పెరుగుతూనే ఉంటాయి. సిలికోసిస్ అంటదు. దాని మీద వచ్చే క్షయ అంటుతుంది. క్వారీలో రాయి కొట్టని భార్యకు, పిల్లలకు జబ్బు వచ్చేది ఆ మార్గంలోనే.

మీ పుస్తకంలో రెండు వారాలు దాటిన దగ్గు ఉన్న ప్రతి ఒక్కరినీ వేరే పేజీలోకి ఎక్కించండి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉంటే ఆ రోజే పంపండి. తెమడను ట్రూనాట్ లేదా సీబీనాట్ యంత్రంపై పరీక్షించమని అడగండి. ప్రభుత్వంలో ఇది ఉచితం, మందు పనిచేస్తుందో లేదో కూడా తేలుస్తుంది. చీటీ మీద జాక్‌హామర్ 8 ఏళ్లు అనో, క్రషర్ 5 ఏళ్లు అనో రాయించి పంపండి. ఏం పని చేస్తావంటే మనవాళ్లు కూలి అంటారు, డాక్టరు అంతటితో వదిలేస్తారు. ఫలితంగా రెండు తప్పులు జరుగుతాయి. సిలికోసిస్ మచ్చలను క్షయ అనుకుని తెమడలో క్రిమి లేకున్నా కోర్సు మీద కోర్సు మందులు ఇవ్వడం ఒకటి. దుమ్ము వల్ల వచ్చిన ఆయాసమే అనుకుని అసలైన క్షయను వదిలేయడం రెండోది. ఛాతీ ఎక్స్‌రే, తెమడ పరీక్ష, పని చరిత్ర మూడూ ఒకే బల్ల మీదికి వస్తేనే తేడా తెలుస్తుంది. ఇందుకు కర్నూలు సర్వజన ఆస్పత్రి, అనంతపురం సర్వజన ఆస్పత్రి, కడప రిమ్స్ ఉన్నాయి. బత్తలపల్లిలోని ఆర్‌డీటీ ఆస్పత్రి క్షయ, హెచ్‌ఐవీ చికిత్సకు పేరున్నది.

ఆయాసానికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు వేయించుకునే అలవాటు మన పల్లెల్లో బాగా ఉంది. గంటలో హాయిగా అనిపిస్తుంది. లోపల క్షయ ఉంటే అది మంటకు కిరోసిన్ పోసినట్టే. తెమడ పరీక్ష కాకుండా ఆ ఇంజెక్షన్ వద్దని ఆర్‌ఎంపీకి మొహమాటం లేకుండా చెప్పండి.

క్షయ తేలితే నిక్షయ్ పోర్టల్‌లో (క్షయ రోగుల కోసం ప్రభుత్వం నడిపే వెబ్‌సైటు) నమోదు చేయించండి. చికిత్స సాగినన్ని నెలలు పోషకాహారానికి బ్యాంకు ఖాతాలో డబ్బు పడుతుంది. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలై 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలయింది. మామూలు క్షయకు 6 నెలల మందులు. సిలికోసిస్ కూడా ఉంటే డాక్టరు ఇంకా పొడిగించవచ్చు, మధ్యలో ఆపకూడదు. అదే ఇంట్లోవాళ్లందరికీ పరీక్ష, జబ్బు లేనివాళ్లకు నివారణ మాత్రలు అడగండి. సిలికోసిస్ ఉండి క్షయ లేనివారు కూడా నివారణ చికిత్స గురించి డాక్టరును అడగాలి. సందేహాలకు 1800-11-6666 నంబరు ఉంది.

దుమ్మును తగ్గించడంలో మాస్కు చివరి మాట. డ్రిల్ చేసేటప్పుడు నీరు పెట్టడం, క్రషర్‌కు షెడ్డు కట్టి నీళ్లు చిమ్మడం, టిప్పర్ల దారి తడపడం మొదటి మాటలు. ముఖానికి చుట్టుకున్న తువ్వాలు సన్నని దుమ్మును ఆపదు. పెట్టుకుంటే ఎన్‌95 రకమే పెట్టుకోవాలి. పని బట్టలు ఇంట్లో దులపకుండా నీళ్లలో నానబెట్టాలి.

జీతం చీటీ, హాజరు పుస్తకం ఫొటో, పీఎఫ్ నంబరు, తోటి కూలీల పేర్లు, ఏవి దొరికితే అవి దాచుకోమని ప్రతి కార్మికుడికీ చెప్పండి. సిలికోసిస్‌ను తప్పక అధికారులకు తెలపాల్సిన జబ్బుగా 1952 గనుల చట్టం కిందే నోటిఫై చేశారు, అది పరిహారం దక్కే వృత్తి వ్యాధి. కానీ ఫలానా క్వారీలో పని చేసినట్టు కాగితం లేకపోతే ఆ హక్కు గాలిలో మాటే. మేస్త్రీ చేతి మీదుగా కూలి తీసుకున్నవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

7. కొట్టాల దగ్గరికి వెళ్లండి

ఒడిశా, బిహార్ వంటి చోట్ల నుంచి వచ్చిన కూలీలు పాలిష్ ఫ్యాక్టరీల్లో, క్వారీల్లో కనిపిస్తారు. వాళ్లు రోగాలు తెచ్చారని ఊళ్లో గుసగుసలు మొదలైతే వాళ్లు జ్వరం దాచిపెడతారు, అది అందరికీ చేటు. మలేరియా ఎక్కువున్న ప్రాంతం నుంచి వచ్చిన మనిషి కాలేయంలో వైవాక్స్ రకం మలేరియా నెలల పాటు నిద్రపోయి ఉండి మళ్లీ లేవవచ్చు. అది అతని తప్పు కాదు. పక్కనే గుంతలో దోమలు లేకపోతే ఆ జ్వరం అతనితోనే ఆగిపోయేది.

వాళ్లు పగలంతా పనిలో ఉంటారు. ఆశా కార్యకర్త ఉదయం 11 గంటలకు వెళితే తాళం కనిపిస్తుంది. చీకటి పడ్డాకో ఆదివారమో కిట్లతో వెళ్లేలా ఏఎన్‌ఎంతో మాట్లాడండి. హిందీ వచ్చిన కుర్రాడిని తోడు పంపండి. వైవాక్స్ తేలితే 14 రోజుల ప్రైమాక్విన్ కోర్సు డాక్టరు సలహాతో పూర్తి చేయాలి. గర్భిణులకు అది ఇవ్వరు. ఊరు మారి వెళ్లేవారి క్షయ చికిత్సను నిక్షయ్ నంబరుతో ఎక్కడికైనా బదిలీ చేయించవచ్చు. లారీలు ఆగే చోట హెచ్‌ఐవీ పరీక్ష, కండోముల గురించి సిగ్గుపడకుండా మాట్లాడే మనిషి ఒకరు ఉండాలి. 1097 నంబరుకు చేస్తే పేరు చెప్పకుండానే సలహా దొరుకుతుంది.

8. నీటిని రెండు రకాలుగా పరీక్షించండి

విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు క్రిములతో వస్తాయి. కొలిమిగుండ్ల మండలంలో బెలుం గుహలు చూసినవాళ్లకు సున్నపురాయిలో నీరు ఎలా దారి చేసుకుంటుందో చెప్పనక్కరలేదు. అలాంటి నేలలో మరుగుదొడ్లు లేని కొట్టాల మురికి, గుంతలో కలిసిన పేడనీరు, మట్టిలో వడకట్టుకోకుండానే పగుళ్ల వెంట బోరుకు చేరవచ్చు. హెచ్‌2ఎస్ సీసాలో (నీటిలో క్రిములున్నాయో లేదో చూసే సీసా) నీరు పోసి ఉంచితే నల్లబడిందంటే ఆ నీరు తాగకూడదు. కుళాయి చివరి ఇంట్లో క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర చూసి సంతృప్తి పడకండి.

రెండోది రసాయనాలు. పేలుడు పదార్థాల్లోని అమ్మోనియం నైట్రేట్ గుంత నీటిలో నైట్రేట్ పెంచుతుంది, పరిమితి లీటరుకు 45 మిల్లీగ్రాములు, పసిపిల్లలకు మరీ ప్రమాదం. అనంతపురం వైపు ఫ్లోరైడ్ క్వారీతో పనిలేకుండానే ఉంది. తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్లవాళ్లయితే యురేనియం పరీక్ష కూడా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు, దెబ్బ ముందు మూత్రపిండాల మీద పడుతుంది. ఇవేవీ అంటురోగాలు కావు. మరిగిస్తే పోవు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడతాయి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుకు నమూనా ఇచ్చి రశీదు తీసుకోండి. వానకు ముందొకసారి, తర్వాతొకసారి.

9. పుస్తకం పట్టుకుని అడగండి

కాలుష్యం వల్ల మా ఊరు నాశనమైందని రాసిన అర్జీకి వచ్చే జవాబు విచారణ జరుపుతామనే ఒక్క ముక్క. ఇలా రాయండి: సర్వే నంబరు ఫలానాలోని 3వ నంబరు గుంతలో ఫలానా తేదీల్లో అనాఫిలిస్ లార్వా కనిపించింది, ఫొటోలు జతపరిచాం. ఆ గుంతకు కిలోమీటరు లోపలి ఇళ్లలో ఇన్ని మలేరియా కేసులు, పోల్చిన ఊళ్లో ఇన్ని. ఈ గుంతను ఫలానా తేదీలోగా పూడ్పించండి. ఒక అర్జీలో ఒక్కటే కోరిక, ఒక్కటే శాఖ. గుంత, లీజు షరతులకు గనుల శాఖ. దుమ్ము, బురదకు కాలుష్య నియంత్రణ మండలి. దోమలు, క్షయకు జిల్లా వైద్యారోగ్య శాఖ. కార్మికుల భద్రతకు గనుల భద్రతా డైరెక్టరేట్. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అన్నింటి నకళ్లూ ఇవ్వండి. 2022లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి మీ మండలం ఇప్పుడు ఎవరి కిందకు వస్తుందో ముందే చూసుకోండి. పాత జిల్లా కలెక్టరేట్‌కు వెళ్లి తిరిగి వచ్చినవాళ్లు చాలామంది.

డబ్బు లేదనే మాట ఒప్పుకోకండి. 2015 చట్ట సవరణతో ప్రతి గనుల జిల్లాకూ జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. లీజుదార్లు రాయల్టీ మీద అదనంగా కట్టే సొమ్ము అది. తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం వంటి ప్రాధాన్య రంగాలకే అందులో పెద్ద వాటా ఖర్చు చేయాలి, మొదట కనీసం 60 శాతం ఉండగా 2024 మార్గదర్శకాల్లో 70 శాతానికి పెంచారు. ఆ సొమ్ము ఎక్కువగా రోడ్లకూ భవనాలకూ పోతుంది, ఎందుకంటే అడిగేవాళ్లు అవే అడుగుతారు. మీరు గ్రామసభలో తీర్మానం పెట్టి ట్రూనాట్ యంత్రం, మొబైల్ ఎక్స్‌రే వ్యాను, గుంతల పూడ్పు, కొట్టాలకు మరుగుదొడ్లు అడగండి. తీర్మానం కాగితానికి జ్వరాల పుస్తకం పేజీల నకలు కుట్టండి.

లీజు విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ పెడితే 30 రోజుల ముందు ప్రకటన రావాలి. అందులో మాట్లాడింది, రాసిచ్చింది రికార్డుకు ఎక్కుతుంది. అప్పటికి మీ దగ్గర రెండు వానకాలాల లెక్క ఉంటే మంచిది. ప్రతి అర్జీ రశీదు నంబరును ఆ వారం పేజీలోనే రాయండి. 30 రోజులు దాటినా జవాబు రాకపోతే ఆ నంబరు చూపి పై అధికారికి రెండో అర్జీ పెట్టండి.